భార్యకు పడిన జరిమానా, భర్త సంపాదన

ఇంగ్లాండులో స్థిరపడిన మన తెలుగు ముస్లిం కుటుంబాల నుండి అప్పుడప్పుడు వినవచ్చే ప్రశ్న ఒకటుంది. భర్త ఉద్యోగస్తుడు. భార్య ఇల్లు చూసుకుంటుంది, ఆమెకంటూ వేరే సంపాదన లేదు. గంటకు 30 మైళ్ళు మించకూడదని బోర్డు పెట్టిన వీధిలో ఆమె 50 మైళ్ళ వేగంతో కారు నడిపింది. మన లెక్కలో చెప్పాలంటే 48 కిలోమీటర్లకు బదులు 80 కిలోమీటర్లన్నమాట. కెమెరా కంటికి చిక్కింది, సంగతి కోర్టుకు పోయింది. కోర్టు వారు ఆమె ఆర్థిక స్థితి వివరాలు అడిగారు. ఇప్పుడు ఆ ఇంట్లో వాదులాట మొదలయింది. 'నాకు సంపాదన లేదు కదా, నాకేం జరిమానా వేస్తారు?' అని ఆమె. 'ఆమె తప్పుకు నా జీతం లెక్కెందుకు చూడాలి?' అని ఆయన. ఇద్దరూ కలిసి మనల్ని అడిగేది ఏమిటంటే, షరీయత్ దృష్టిలో ఈ జరిమానా ఎవరిది, దాన్ని ఎవరి సంపాదనతో కొలవాలి అని.

చూడటానికి చిన్న విషయం. కానీ దీని వెనుక పెద్ద ప్రశ్నే ఉంది. శిక్షలో సమానత్వమంటే ఏమిటి? అందరి నుండి ఒకే మొత్తం రాబట్టడమా, లేక అందరికీ ఒకే విధంగా నొప్పి తెలిసేలా చేయడమా? రెండవదే న్యాయమైతే, ఒకే కప్పు కింద, ఒకే వంట తింటూ బ్రతికే భార్యాభర్తలలో ఒకరి నొప్పిని మరొకరి జేబుతో కొలవవచ్చునా?

ముందుగా అక్కడి చట్టం ఏమంటుందో తెలుసుకుందాం. తెలియకుండా తీర్పు చెప్పడం మన పెద్దల పద్ధతి కాదు.

ఇంగ్లాండు, వేల్సులలో చిన్నపాటి వేగానికి కోర్టు ప్రమేయం లేకుండానే 100 పౌండ్ల స్థిర జరిమానా, లైసెన్సు మీద 3 పాయింట్లు వేస్తారు. అక్కడ నీ ఆదాయమెంత అని ఎవరూ అడగరు. డాక్టరుకూ 100 పౌండ్లే, హోటల్లో గిన్నెలు కడిగేవానికీ 100 పౌండ్లే. వేగం మరీ ఎక్కువైనా, లేదా ఆ స్థిర జరిమానాను ఒప్పుకోకపోయినా కేసు మేజిస్ట్రేటు ముందుకు వెళుతుంది. అక్కడ లెక్క మారిపోతుంది. సెంటెన్సింగ్ కౌన్సిల్ అనే సంస్థ రూపొందించిన మార్గదర్శకాల ప్రకారం జరిమానాకు కొలబద్ద ఆ మనిషి వారపు ఆదాయం, అంటే పన్నులు పోగా చేతికొచ్చేది. 30 మైళ్ళ వీధిలో 40 మైళ్ళ దాకా పోతే వారపు ఆదాయంలో సగం, 41 నుండి 50 దాకా అయితే పూర్తి వారం ఆదాయం, 51, ఆపైన అయితే వారంన్నర ఆదాయం. ఇవి మొదలుపెట్టే లెక్కలు. పరిస్థితులను బట్టి కొంత పెంచుతారు, తగ్గిస్తారు. తప్పును మొదట్లోనే ఒప్పుకున్నవారికి మూడోవంతు తగ్గుతుంది. అయితే దీనికొక పైహద్దు ఉంది. మామూలు రోడ్లపై 1,000 పౌండ్లు, మోటారు మార్గంపై 2,500 పౌండ్లు. అంటే వారానికి 5,000 పౌండ్లు సంపాదించే శ్రీమంతుడు మామూలు రోడ్డుపై ఎంత వేగంగా పోయినా ఆ 1,000 దగ్గర కొలబద్ద ఆగిపోతుంది. పేదవాడికి వారం జీతం, ధనవంతునికి ఒకరోజు జీతం. ఆదాయాన్ని బట్టి శిక్ష అన్న మాట అక్కడ సగం దారిలోనే కుంటుపడిందని అనకతప్పదు.

ఇక మన ప్రశ్న. ఇంట్లో ఒకరికంటే ఎక్కువ మంది సంపాదిస్తున్నప్పుడు మామూలుగా తప్పు చేసినవారి సొంత ఆదాయాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకోవాలని ఆ మార్గదర్శకాలు చెబుతున్నాయి. కానీ వెంటనే ఒక మినహాయింపు కూడా ఉంది. తప్పు చేసిన వ్యక్తి సంపాదన మరీ స్వల్పమైనా, లేదా పూర్తిగా మరొకరి సంపాదనపై ఆధారపడి బ్రతుకుతున్నా, ఆ ఇంటి ఆదాయ ఆస్తులలో ఆ జరిమానా కట్టడానికి ఆ వ్యక్తికి అందుబాటులోకి వచ్చేది ఎంతో కోర్టు చూడవచ్చు. 'అందుబాటులోకి వచ్చేది' అన్న మాటను పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. మొత్తం వ్యవహారం ఆ మాట దగ్గరే ఉంది. 2004 నాటి అప్పీలు కోర్టు తీర్పు ఒకటి ఈ మినహాయింపుకు ఆధారంగా ఉంది.

ఆదాయాన్ని బట్టి జరిమానా వేసే పద్ధతిలో ఫిన్లాండు దేశం మరింత ముందుకు పోయింది. అక్కడ 1921 నుండే 'దిన జరిమానా' పద్ధతి ఉంది. తప్పు తీవ్రతను బట్టి ఎన్ని రోజులో నిర్ణయిస్తారు, మనిషి ఆదాయాన్ని బట్టి రోజుకు ఎంతో నిర్ణయిస్తారు. పోషించవలసిన చిన్నపిల్లలు ఉంటే ఆ రోజు మొత్తంలో కొంత తగ్గిస్తారు. అక్కడ మొత్తానికి పైహద్దు లేదు. 2023లో ఆలండ్ దీవులలో ఆండర్స్ విక్లోఫ్ అనే కోటీశ్వరుడు 50 కిలోమీటర్ల రోడ్డులో 82 కిలోమీటర్ల వేగంతో పోయినందుకు 1,21,000 యూరోల జరిమానా కట్టవలసి వచ్చింది. ఇంగ్లాండు కూడా 1992 అక్టోబరులో ఇలాంటి పద్ధతినే ప్రారంభించి మరుసటి సంవత్సరమే వదులుకుంది. చిప్స్ ప్యాకెట్టు కవరు నేల మీద పడవేసిన ఒకాయన తన ఆదాయ వివరాలు ఇవ్వకపోవడంతో అతనికి 1,200 పౌండ్ల జరిమానా పడింది. పత్రికలు గగ్గోలు పెట్టాయి. న్యాయమైన సూత్రమే అయినా, కొలిచేవాడి చేతిలో సరైన సమాచారం లేకపోతే అది ఎంత అన్యాయంగా మారుతుందో ఈ ఉదంతం చెబుతుంది.

మరి మన భారతదేశంలో? మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం కారు వంటి తేలిక వాహనానికి అతివేగం జరిమానా 1,000 నుండి 2,000 రూపాయలు. ఆటో నడుపుకునేవానికీ అదే, నాలుగు కార్లున్న బిల్డరుకూ అదే. గల్ఫుకు వెళ్ళిన మన సోదరులకు సౌదీలోని 'సాహిర్' కెమెరాలు బాగా తెలుసు. 2010లో మొదలైన ఆ వ్యవస్థ కూడా జీతం చూడదు.

ఇప్పుడు షరీయత్ వైపు చూద్దాం.

అన్నింటికంటే ముందు ఒక మాట. జరిమానా ఎవరు కట్టాలనే చర్చలో పడి అసలు తప్పును మరచిపోకూడదు. నేల మీద మృదువుగా నడవడం కరుణామయుని దాసుల లక్షణమని దివ్య ఖుర్ఆన్ (ఫుర్ఖాన్ సూరా) తెలిపింది. నడకలో మధ్యస్థంగా ఉండమని లుఖ్మాన్ (అలై) తన కుమారునికి బోధించారు. హజ్ యాత్రలో అరఫాత్ నుండి తిరిగివచ్చే సమయాన వెనుక ఒంటెలను కొడుతూ, అరుస్తూ పరుగెత్తిస్తున్న శబ్దం విని దైవప్రవక్త (స) ప్రజలను నిదానించమన్నారు, పుణ్యమనేది పరుగు పెట్టించడంలో లేదని బోధించారు. హజ్ వంటి ఆరాధనలోనే వేగం పుణ్యం కానప్పుడు బజారుకు పోయే దారిలో ఎలా అవుతుంది? స్త్రీలు కూర్చున్న ఒంటెలను పాట పాడుతూ వేగంగా తోలుతున్న అంజషా అనే ఆయనను దైవప్రవక్త (స) ఆపి, గాజు పాత్రలను తీసుకుపోతున్నట్లు మెల్లగా తోలమని చెప్పిన విషయం బుఖారీ, ముస్లింలలో ఉంది. కారులో వెనుక సీటులో పిల్లల్ని కూర్చోబెట్టుకున్న ప్రతి తల్లీ, ప్రతి తండ్రీ ఆ గాజు పాత్రలను తలచుకోవాలి. పైగా వీసా తీసుకుని, లైసెన్సు తీసుకుని ఒక దేశంలో ఉంటున్నామంటే ఆ దేశపు రహదారి నియమాలను పాటిస్తామని మాట ఇచ్చినట్లే. ఒడంబడికలను నెరవేర్చమన్నది మాయిదా సూరా తొలి ఆయతులోని ఆదేశం. కనుక అతివేగం ట్రాఫిక్ పోలీసుల సమస్య మాత్రమే కాదు, మన ధర్మ సమస్య కూడా.

డబ్బు రూపంలో శిక్ష వేయడంపై ధర్మవేత్తల మధ్య భేదాభిప్రాయం ఉంది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై), ఇమామ్ ముహమ్మద్ (రహ్మలై) దీన్ని అంగీకరించలేదు. పాలకులు శిక్ష పేరుతో ప్రజల సొమ్ము కాజేస్తారన్న భయం దీని వెనుక ఉంది. ఆ భయం ఎంత నిజమో చరిత్ర తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మలై) నుండి అనుమతించినట్లు ఉల్లేఖనం ఉంది. ఇమామ్ ఇబ్నె తైమియా, ఆయన శిష్యులు ఇబ్నె ఖయ్యిమ్ గట్టిగా సమర్థించారు. ఏదేమైనా మనం ఉంటున్న దేశపు చట్టం ప్రకారం పడిన జరిమానాను కట్టకుండా తప్పించుకోవడానికి ఈ భేదాభిప్రాయాన్ని సాకుగా వాడుకునే వీలు లేదు. మాట ఇచ్చాం కాబట్టి కట్టాలి.

స్తోమతను బట్టి భారం వేయడం షరీయత్‌కు కొత్త కాదు. తలాఖ్ సూరాలో భరణం విషయమై కలిమి గలవాడు తన కలిమి కొద్దీ, ఉపాధి ఇరుకైనవాడు తనకు లభించిన దానిలోనుండీ ఖర్చు చేయాలన్న ఆదేశం ఉంది. బఖరా సూరాలో విడాకులిచ్చిన భార్యకు ఇవ్వవలసిన కానుక విషయంలోనూ ఇదే కొలత. ప్రమాణ భంగానికి పరిహారం (కఫ్ఫారా) చూడండి. పదిమంది పేదలకు అన్నం పెట్టడమో, బట్టలివ్వడమో, బానిసకు విముక్తి కలిగించడమో చేయాలి. ఆ స్తోమత లేనివాడు మూడు రోజులు ఉపవాసం ఉండాలి. తప్పు ఒకటే, మనిషిని బట్టి మెట్లు వేరు.

రమజాన్ పగటిపూట భార్యతో కలిసిన ఒక వ్యక్తి దైవప్రవక్త (స) సన్నిధికి భయపడుతూ వచ్చిన ఉదంతం అందరికీ తెలిసిందే. అయినా మన ప్రశ్న దృష్టితో దాన్ని మళ్ళీ చూడండి. బానిసను విడిపించగలవా అని అడిగారు. లేదన్నాడు. రెండు నెలలు వరుసగా ఉపవాసం ఉండగలవా? లేదు. అరవై మంది పేదలకు అన్నం పెట్టగలవా? లేదు. అంతలో ఎవరో ఖర్జూరాల బుట్ట తెచ్చారు. దీన్ని తీసుకుపోయి దానం చెయ్యి అన్నారు ప్రవక్త (స). మదీనా రెండు అంచుల మధ్య మా ఇంటికంటే పేద ఇల్లు లేదని అతను విన్నవించుకున్నాడు. ప్రవక్త (స) నవ్వి, అయితే నీ ఇంటివారికే తినిపించు అన్నారు. అతని స్తోమతను అతన్నే అడిగారు, అతని మాటనే నమ్మారు. నీ భార్య పుట్టింటివారు ఏపాటివారు, ఆమె దగ్గర నగలేమైనా ఉన్నాయా అని అడగలేదు. పైగా ఆ ఖర్జూరాలు అతనివి కావు, వేరొకరి ద్వారా వచ్చాయి. ఒకరి పరిహారానికి మరొకరు ఇష్టపూర్వకంగా సాయపడవచ్చునని కూడా దీనివల్ల తెలుస్తుంది.

శిక్ష నొప్పి పుట్టించేలా ఉండాలన్న వాదాన్ని మరీ దూరం లాగితే ఏమవుతుందో అందలూసియా చరిత్రలోని ఒక ఘటన చూపుతుంది. కొర్దోవా అమీరు రెండవ అబ్దుర్రహ్మాన్ కూడా రమజాన్‌లో ఇటువంటి తప్పే చేశాడు. ఇమామ్ మాలిక్ శిష్యులైన యహ్యా బిన్ యహ్యా లైసీని ఫత్వా అడిగితే, ఆయన వరుసగా రెండు నెలల ఉపవాసం తప్ప వేరే దారి లేదన్నారు. బయటికి వచ్చాక తోటి ఉలమా ఆశ్చర్యపోయి అడిగారు. బానిస విముక్తికి దారి తెరిస్తే రాజుగారికి అది చిటికెలో పని, ప్రతిరోజూ తప్పు చేసి ప్రతిరోజూ ఒక బానిసను వదిలేస్తాడు, అందుకే కష్టమైనదే చెప్పాను అని ఆయన సమాధానం. వినడానికి ఎంతో సబబుగా ఉంది కదా! కానీ ఇమామ్ గజ్జాలీ (రహ్మలై) వంటి ఉసూల్ పండితులు ఈ ఫత్వాను ఒప్పుకోలేదు. అల్లాహ్ స్వయంగా నిర్ణయించిన పరిహారాన్ని మనం మన ఆలోచనతో ధనికునికొకటి, పేదకొకటి అని మార్చరాదన్నారు. పైగా ఆ కఠినత్వంలో నష్టపోయింది ఎవరో గమనించండి. విముక్తి పొందవలసిన బానిస! ధనికునికి నొప్పి పుట్టించాలన్న ఆరాటంలో శిక్ష భారం అసలు ప్రమేయం లేని మూడో మనిషి మీద పడింది. ఈ మాట మన ఇంగ్లాండు భర్త విషయంలో మళ్ళీ అక్కరకు వస్తుంది.

అయితే వేగానికి జరిమానా అల్లాహ్ నిర్ణయించిన హద్దు కాదు. అది తఅజీర్, అంటే పాలకుని విచక్షణకు వదిలిన శిక్ష. అందులో మనిషి స్థితిని చూడటం ధర్మవేత్తలకు తెలిసినదే. ఇమామ్ కాసానీ తన 'బదాయి' గ్రంథంలో తఅజీర్‌ను మనుషుల అంతస్తును బట్టి నాలుగు మెట్లుగా చేశారు. గౌరవనీయునికి ఖాజీ నుండి కబురు పోవడమే పెద్ద శిక్ష, మొండివానికి అది చాలదు. ఉద్దేశ్యం బుద్ధి రావడం. ఆ రోజుల్లో ఆ మెట్లు పెద్దవారికి తేలికగా, చిన్నవారికి బరువుగా ఉండేవి. నేటి మన మనసుకు అది కాస్త ఇబ్బందిగా తోచవచ్చు. కానీ అందులోని సూత్రాన్ని డబ్బుకు వర్తింపజేస్తే లెక్క తలకిందులై, ఉన్నవానికే బరువెక్కుతుంది. నావరకు ఇది న్యాయంగానే తోస్తోంది. ఒకే మొత్తంలో ఉండే జరిమానా ధనికునికి శిక్ష కాదు, అది టోల్‌గేటు రుసుము. డబ్బు పారేసి వేగాన్ని కొనుక్కుంటాడు. పూర్వపు జాతులు పెద్దింటివారిని వదిలేసి బలహీనులను శిక్షించడం వల్ల నశించాయని మఖ్జూమీ స్త్రీ దొంగతనం సందర్భంగా ప్రవక్త (స) హెచ్చరించారు. పెద్దింటివారికి తగలని శిక్ష వారిని వదిలేసినట్లే అవుతుంది.

సరే, మనిషి స్తోమతను చూడటం న్యాయమే. మరి ఆ మనిషి జీవిత భాగస్వామి స్తోమతనో?

ఒకరి భారాన్ని మరొకరు మోయరన్న నియమం ఖుర్ఆన్‌లో ఒకచోట కాదు, అన్ఆమ్, బనీ ఇస్రాయీల్, ఫాతిర్, జుమర్, నజ్మ్ - ఐదు సూరాలలో వచ్చింది. పురుషులు సంపాదించినది వారిది, స్త్రీలు సంపాదించినది వారిది అని నిసా సూరా స్పష్టం చేసింది. ఇస్లాంలో నికాహ్ రెండు కుటుంబాలను కలుపుతుంది గాని రెండు పర్సులను ఒకటి చేయదు. భార్య నగల మీద జకాత్ భార్య బాధ్యత. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం భార్య ఫిత్రా దానం కూడా భర్తపై వాజిబ్ కాదు, అతను ఇస్తే నెరవేరుతుంది, అంతే. ఇతర ఇమాముల వద్ద అది భర్త బాధ్యత.

'హిదాయా'లో ఈ విషయంలో కళ్ళు తెరిపించే మస్అలా ఒకటుంది. మదరసాలో చదివేటప్పుడు విద్యార్థులు దీన్ని చకచకా దాటిపోతారు. ధనికుని చిన్న పిల్లవానికి జకాత్ ఇవ్వరాదు, ఎందుకంటే తండ్రి కలిమితో ఆ పిల్లవాడు కూడా కలవాడిగానే లెక్క. కానీ ధనికుని భార్య, తనకంటూ ఏమీ లేనిదైతే, ఆమెకు జకాత్ ఇవ్వవచ్చు. భర్త కలిమి వల్ల ఆమె ధనికురాలు కాదు, భరణం అందినంత మాత్రాన కలవారిలో చేరదు అని కారణం చెప్పారు. చూశారా! పిల్లవాని విషయంలో ఇంటి ఆదాయాన్ని చూశారు, భార్య విషయంలో చూడలేదు. భార్య ఒక పూర్తి మనిషి, ఆమె లెక్క ఆమెదే.

ఇంకొకటి. హుజైల్ తెగకు చెందిన ఇద్దరు స్త్రీలు పోట్లాడుకున్నారు. ఒకామె విసిరిన రాయితో రెండవ ఆమె, ఆమె కడుపులోని బిడ్డ చనిపోయారు. పొరపాటున జరిగే ఇటువంటి హత్యలో రక్తధనం (దియత్) నేరస్తుని 'ఆఖిలా' అంటే బాధ్యత పంచుకునే బంధువర్గం కడుతుంది. ఆ స్త్రీ తరఫున రక్తధనాన్ని ఆమె పుట్టింటి తరఫు మగ బంధువులపై వేశారు దైవప్రవక్త (స). ఆ స్త్రీ చనిపోయినప్పుడు ఆమె ఆస్తిలో వారసత్వం మాత్రం కొడుకులకూ భర్తకూ ఇప్పించారు. వారసత్వం పొందే భర్తపై కూడా ఆమె తప్పు తాలూకు డబ్బు వేయలేదు! ఆఖిలాపై వేసినదైనా ఎంతో పరిమితం. హనఫీల వద్ద మూడు సంవత్సరాల గడువులో, ఒక్కొక్కరిపై మొత్తం మూడు నాలుగు దిర్హములకు మించరాదు. మనిషిని ఆదుకునే ఏర్పాటే గాని అతని శిక్షను వేరొకరికి బదలాయించే ఏర్పాటు కాదది.

దీన్నిబట్టి భర్త జీతం లెక్కలోకే రాకూడదని తేల్చేద్దామా? అంత తొందర పనికిరాదు. ఎందుకంటే భరణం దగ్గర ఫిఖ్హ్ మరో మాట చెబుతుంది. భార్యకు ఇవ్వవలసిన భరణం ఎంత అని నిర్ణయించేటప్పుడు ఇమామ్ ఖస్సాఫ్ అభిప్రాయం ప్రకారం భార్యాభర్తలిద్దరి స్థితినీ చూడాలి. ఫత్వా దీనిపైనే ఉంది. అంటే భర్త స్థాయి భార్య జీవన స్థాయిని మారుస్తుందని ఫిఖ్హ్ ఒప్పుకుంది. తిండి, బట్ట, ఇల్లు, అన్నీ భర్త చూసుకునే స్త్రీ చేతికి నెలకు 200 పౌండ్లు సొంత ఖర్చుకు వస్తే, ఆ 200 పౌండ్లూ ఆమెకు మిగులే. అంతే సంపాదించి అందులోనే అద్దె కట్టుకునే ఒంటరి స్త్రీకి ఒక్క పౌండూ మిగలదు. ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టి, ఇద్దరూ పేదలే అనడం కూడా న్యాయం కాదు.

కనుక తేడా ఇక్కడ ఉంది. ఆమె చేతికి వచ్చేదాన్ని చూడటం వేరు, అతని చేతిలో ఉన్నదాన్ని చూడటం వేరు. భర్త జీతం వల్ల ఆమెకు ఎంత వెసులుబాటు కలిగిందో కోర్టు అడిగితే అది ఆమె స్తోమతను తెలుసుకోవడమే. భర్త వారానికి 900 పౌండ్లు తెస్తున్నాడు కాబట్టి ఈమెకూ 900 పౌండ్ల జరిమానా అంటే మాత్రం ఒకరి భారాన్ని మరొకరిపై వేయడమే. ఆమె దగ్గర ఆ డబ్బు లేదు. ఆమె భర్త ముందు చేయి చాచాలి. తప్పు చేయని వాడు కట్టాలి, లేదా కట్టనని ఆమెను కోర్టు ముందు వదిలేయాలి. యహ్యా లైసీ ఫత్వాలో బానిసకు జరిగినదే ఇక్కడ భర్తకు జరుగుతుంది. ఇంగ్లాండు మార్గదర్శకాల్లోని 'అందుబాటులోకి వచ్చేది' అన్న మాటను న్యాయాధికారి మొదటి అర్థంలో తీసుకుంటే షరీయత్ స్ఫూర్తికి దగ్గరగానే ఉంటుంది. రెండో అర్థంలో తీసుకుంటే దూరం పోతుంది. ఇది నా అభిప్రాయం. పెద్ద ఉలమా దీనికంటే మెరుగైనది చెబితే స్వాగతం. వల్లాహు అఅలమ్.

ఇదే ప్రశ్న తిరగేసి కూడా వస్తోంది. ఈ కాలంలో నర్సులుగా, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులుగా భార్యలు సంపాదిస్తూ, ఉద్యోగం పోయిన భర్తలు ఇంట్లో ఉన్న సందర్భాలు తక్కువేమీ కాదు. భర్తకు వేగం జరిమానా పడితే అక్కడి కోర్టు భార్య జీతాన్ని చూడవచ్చు. కానీ షరీయత్‌లో భార్య మీద భర్త పోషణ బాధ్యత లేదు. (నిరుపేద భర్తను కలిగిన భార్య పోషించాలన్నది ఇబ్నె హజ్మ్ ఒక్కరి అభిప్రాయంలా నిలిచిపోయింది.) కాబట్టి ఆమె జీతం వైపు చూసే హక్కు ఇంకా తక్కువ. ఇంకా చెప్పాలంటే, భార్య ఏటీఎం కార్డు తన జేబులో పెట్టుకుని, ఆమెను అడగకుండానే తన చలాన్లు కట్టేసే భర్తలు మన కర్నూలులోనూ ఉన్నారు, కార్డిఫ్‌లోనూ ఉన్నారు. మనస్ఫూర్తిగా ఇవ్వని భార్య సొమ్ము భర్తకు హలాల్ కాదు. మన ఊళ్ళలో ఇంకో తమాషా ఉంది. బండి భార్య పేరున ఉంటుంది, నడిపేది ఆయన, చలానా మాత్రం ఆమె పేరున వస్తుంది!

కోర్టు వివరాలు అడిగినప్పుడు నిజం దాచడం మరో పాపం. భర్త నెలనెలా ఖర్చుకిచ్చేది ఉండీ నాకేమీ రాదని రాస్తే అది అబద్ధపు సాక్ష్యం. అక్కడి చట్టంలో నేరం కూడా. అంతకంటే ఘోరం ఒకరి తప్పును మరొకరు నెత్తిన వేసుకోవడం. 2003లో బ్రిటన్ రాజకీయ నాయకుడు క్రిస్ హ్యూన్ వేగంగా కారు నడిపి దొరికితే, అతని లైసెన్సు పోకుండా ఉండటానికి నడిపింది తానేనని అతని భార్య విక్కీ ప్రైస్ పాయింట్లు తన పేరున వేయించుకుంది. తరువాత హ్యూన్ మంత్రి అయ్యాడు. ఇద్దరూ విడిపోయారు, విషయం బయటపడింది. భర్త బలవంతం వల్ల చేశానని ఆమె వాదించింది. భార్యలకు మాత్రమే వర్తించే అటువంటి రక్షణ 1925 చట్టంలో ఉండేది. జ్యూరీ ఒప్పుకోలేదు. 2013 మార్చిలో ఇద్దరికీ ఎనిమిదేసి నెలల జైలు శిక్ష పడింది. మరుసటి ఏడే, 2014లో, పార్లమెంటు ఆ రక్షణను చట్టం నుండే తీసివేసింది. లైసెన్సు పాయింట్లు మోయడంతో మొదలైనది ఇద్దరి జైలుతో ముగిసింది. 'ఏముంది, నీ పేరు రాసేద్దాం' అని మన ఇళ్ళలో కూడా ఎంత తేలికగా అంటారో తెలియనిది కాదు. ప్రేమతో చేసినా అది అబద్ధపు సాక్ష్యమే. అబద్ధపు సాక్ష్యాన్ని ప్రవక్త (స) మహాపాపాలలో లెక్కించారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆనుకుని ఉన్నవారు లేచి కూర్చున్నారు.

ఇక కట్టే విషయం. ట్రాఫిక్ జరిమానా భరణంలో భాగం కాదు. భరణమంటే తిండి, బట్ట, నివాసం. భార్య చేసిన అప్పు గాని, ఆమెకు పడిన జరిమానా గాని తీర్చే విధి భర్తపై లేదు. భర్త పిసినారితనం వల్ల హింద్ (రజి)కు ఆమె, పిల్లల అవసరం మేరకు అడగకుండా తీసుకునే అనుమతి లభించింది గాని, ఆ అనుమతితో భర్త ఖాతా నుండి జరిమానా కట్టుకోవచ్చునని ఎవరూ అర్థం తీయరాదు. అయితే విధి లేదన్నంత మాత్రాన భర్త చేతులు కట్టుకుని కూర్చోవడం సత్ప్రవర్తన అనిపించుకోదు. కట్టగలిగినవాడు కట్టి ఆదుకుంటే అది దానం కింద వస్తుంది. కట్టాక ఏడాది పొడుగునా, బంధువుల ముందు కూడా ఎత్తిపొడుస్తూ ఉంటే ఆ పుణ్యం రాతి మీది మట్టి వానకు కొట్టుకుపోయినట్లు పోతుంది. బఖరా సూరాలో ఉన్న ఉపమానమే ఇది. ఇంకో సంగతి, ఫోను చేసి 'ఇంకా రాలేదేం, త్వరగా రా' అని తొందరపెట్టింది భర్తే అయితే, ఆ వేగంలో అతని వంతు కూడా ఉంది. అతను బుద్ధిగా ముందుకు వచ్చి కట్టాలి.

భర్త కట్టనంటే, ఆమె దగ్గర లేకపోతే? అక్కడి కోర్టులు వాయిదాలు ఇస్తాయి. సాధారణంగా 12 నెలల లోపు తీరేలా చూస్తాయి. ఆ వాయిదాలు అడగడంలో నామోషీ లేదు. ఇబ్బందిలో ఉన్న బాకీదారుకు గడువివ్వమన్నది ఖుర్ఆన్ బోధనే. చాలామందికి తోచని దారి మరొకటి ఉంది, అది మహర్. మన ఇళ్ళలో ఎక్కువ మంది భర్తలు మహర్ ఇంకా బాకీ ఉన్నారు. నికాహ్‌నామాలో రాసిన ఆ మొత్తం ఆమె హక్కు, అతని మీద ఉన్న అప్పు. భర్త ఆమె జరిమానా కడుతూ, ఇది మహర్ బాకీలో జమ అని ఆమెతో ముందే ఒప్పందం చేసుకుంటే ఇద్దరి భారమూ ఒకేసారి తగ్గుతుంది. కానీ ముందే చెప్పాలి. ఆమె అడగకుండా, ఏమీ చెప్పకుండా తనంతట తాను కట్టేసి, ఐదేళ్ళ తర్వాత 'ఆ రోజు కట్టిన 600 పౌండ్లు మహర్‌లో తగ్గించుకున్నాను' అంటే చెల్లదు, అది కానుకే అవుతుంది. కట్టిన రోజే ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేసి నికాహ్‌నామాతో పాటు దాచుకోవడం మంచిది.